చదివితే ప్రశ్న, రాస్తే ఆజ్ఞ: లినక్స్ వర్చువల్ ఫైళ్లతో జాగ్రత్తగా మెలగడం

విశాఖ ద్వారకానగర్‌లో సాయంత్రం పూట లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేర్చుకోవడానికి వచ్చే ఇంజనీరింగ్ విద్యార్థులకు మొదటి వారంలోనే నేను ఒక చిన్న పని అప్పగిస్తాను. /ప్రాక్ అనే డైరెక్టరీలోకి వెళ్లి, అక్కడున్న మెమ్‌ఇన్ఫో అనే ఫైలు ఎంత పెద్దదో ఎల్ఎస్ ఆదేశంతో చూసి, ఆ తరువాత అదే ఫైలును క్యాట్ ఆదేశంతో తెరవమంటాను. ఎల్ఎస్ సున్నా బైట్లు అని చూపిస్తుంది. క్యాట్ మాత్రం మొత్తం ర్యామ్ ఎంత, అందులో ఖాళీ ఎంత, డిస్కుకు ఇంకా చేరని డేటా ఎంత అంటూ యాభై వరుసల దాకా తెర మీద పరుస్తుంది. వెంటనే మళ్లీ తెరిస్తే అంకెలు మారిపోయి ఉంటాయి. "సార్, ఖాళీ ఫైల్లోంచి ఇదంతా ఎక్కడి నుంచి వస్తోంది?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు.

దీనికి జవాబు మా తరగతికి దగ్గరలోనే ఉన్న ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దొరుకుతుంది. విచారణ కౌంటర్ దగ్గరికి వెళ్లి పలాస బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందని అడిగితే, అక్కడ కూర్చున్న ఉద్యోగి ఆ క్షణానికి ఉన్న పరిస్థితిని చూసి చెబుతాడు. మనకోసం ఆ జవాబును ఎవరూ ముందుగా కాగితం మీద రాసి పెట్టలేదు. మనం అడిగినప్పుడే అది పుట్టింది, మరో పది నిమిషాలకు అడిగితే వేరే జవాబు రావచ్చు. మెమ్‌ఇన్ఫో కూడా అటువంటి కౌంటరే. ఆ పేరుతో డిస్కు మీద ఏ ఫైలూ లేదు. క్యాట్ దాన్ని చదవబోయినప్పుడు యంత్రాన్నంతా నడిపే లినక్స్ మూల ప్రోగ్రాం అయిన కెర్నెల్‌లోని ఒక ఫంక్షన్ నడిచి, తన లెక్కల పుస్తకాలు చూసుకొని, అక్షరాలు కూర్చి అందిస్తుంది. పరిమాణం సున్నాగా కనిపించడానికి కారణం ఇదే: అడగని ప్రశ్నకు వచ్చే జవాబు ఎంత పొడవుంటుందో ముందుగా చెప్పడం కుదరదు.

చదవడం ప్రశ్న అయినప్పుడు, రాయడం ఏమవుతుంది? ఆజ్ఞ అవుతుంది. మామూలు ఫైల్లో తప్పు రాస్తే ఫైలు పాడవుతుంది, ఇక్కడ తప్పు రాస్తే నడుస్తున్న యంత్రం ప్రవర్తన మారుతుంది, అదీ ఆ క్షణంలోనే. ఈ ఒక్క తేడాను మనసులో స్థిరంగా నిలుపుకుంటే ఈ వ్యాసంలో చెప్పబోయే జాగ్రత్తలన్నీ దానంతట అవే అర్థమవుతాయి. ఫైళ్ల పేర్లనూ ఆదేశాలనూ పలికే తీరులో తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం వాటిని ఆంగ్ల అక్షరాలతోనే కొట్టాలి.

రెండు చెట్లు, ఒకే పేరుతో రెండు కొమ్మలు

నడుస్తున్న ప్రోగ్రాములను ఫైళ్లుగా చూపవచ్చనే ఆలోచన లినక్స్ కంటే పాతది. బెల్ ల్యాబ్స్‌లో టామ్ కిలియన్ దీన్ని యునిక్స్ ఎనిమిదో ఎడిషన్ కోసం తయారు చేసి, 1984లో దానిమీద పరిశోధన పత్రం సమర్పించాడు. 1991లో పుట్టిన లినక్స్‌కు మరుసటి ఏడాదే /ప్రాక్ వచ్చింది. మొదట అది ప్రాసెస్‌ల, అంటే నడుస్తున్న ప్రోగ్రాముల, వివరాలకే పరిమితమైనా, క్రమంగా ప్రాసెసర్, మెమరీ, నెట్‌వర్క్, డ్రైవర్లు అన్నీ అక్కడే చేరి, ఎవరికి తోచిన పద్ధతిలో వారు వివరాలు చూపడం మొదలుపెట్టారు. ఈ చిందరవందరను సరిచేయడానికి పరికరాల కోసం విడిగా /సిస్ అనే చెట్టును ప్యాట్రిక్ మోచెల్ రూపొందించాడు. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌తో అది అందరికీ చేరింది. అక్కడ పాటించాల్సిన నియమం ఏమిటంటే ఒక ఫైలుకు ఒక్క విలువే ఉండాలి.

కొత్తవారిని తికమక పెట్టేది పేర్ల పోలిక. /సిస్ అనేది పరికరాల చెట్టు. /ప్రాక్/సిస్ అనేది /ప్రాక్ లోపల ఉన్న ఒక కొమ్మ. కెర్నెల్ ప్రవర్తనను మార్చే మీటలు ఉండేది అక్కడ. సిస్‌సీటీఎల్ అనే ఆదేశం నడిచేది ఈ రెండోదాని మీద మాత్రమే. ర్యామ్‌లోని వాటిని డిస్కుకు తరలించడంలో కెర్నెల్ ఎంత చొరవ చూపాలో చెప్పే వీఎం.స్వాపినెస్ అని సిస్‌సీటీఎల్‌కు చెప్పినా, /ప్రాక్/సిస్/వీఎం/స్వాపినెస్ అనే ఫైలును తెరిచినా చేరేది ఒకే చోటికి. చుక్క ఉన్నచోట ఏటవాలు గీత (/) పెట్టుకుంటే సరిపోతుంది. పేరులోనే చుక్క ఉన్న నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల విషయంలో, అంటే ఈటీహెచ్0.100 వంటి వీల్యాన్‌ల విషయంలో, ఈ అనువాదం తప్పుతుంది కాబట్టి అక్కడ సిస్‌సీటీఎల్‌కు కూడా గీతలతోనే దారి చెప్పడం మంచిది.

అడగడం నేర్చుకున్నవాడికి దొరికేవి

మార్చడం కంటే చదవడానికే ఈ చెట్లు ఎక్కువగా పనికొస్తాయన్నది నా స్థిరమైన అభిప్రాయం. సర్వర్ నెమ్మదించగానే ఏదో ఒక సెట్టింగు మార్చాలని చేయి ఊరుకోదు కానీ, పది ప్రశ్నలు సరిగా అడిగితే తొమ్మిదిసార్లు మార్చాల్సిన అవసరమే రాదు.

/ప్రాక్ లో కనిపించే అంకెల పేర్ల డైరెక్టరీలు ఒక్కొక్కటీ ఒక ప్రాసెస్. వాటి లోపల స్టేటస్ అనే ఫైల్లో అది ఎవరి పేరున నడుస్తోంది, ఎంత మెమరీ వాడుతోంది అన్న వివరాలుంటాయి. ఎఫ్‌డీ అనే ఉపడైరెక్టరీలో అది తెరిచి ఉంచిన ప్రతి ఫైలుకూ ఒక లింకు ఉంటుంది. ఈ ఎఫ్‌డీ విలువ ఏమిటో నాకు ఒక శుక్రవారం రాత్రి తెలిసివచ్చింది. నగరంలోని ఒక చిన్న సంస్థ సర్వర్‌లో డిస్కు నిండిపోతే, అక్కడి కుర్రాడు సర్వర్‌లో జరిగినవి నమోదయ్యే తొంభై జీబీ లాగ్ ఫైలును ఆర్ఎం ఆదేశంతో తీసేశాడు. ఫైలు పోయింది, డిస్కు మాత్రం నూరు శాతం నిండుగానే ఉంది. పైగా ఆ లాగ్‌లోని ఒక భాగం సోమవారం ఆడిటర్‌కు చూపించాలి. అతని గొంతు ఫోన్లో వణుకుతోంది.

ఆర్ఎం చేసేది డైరెక్టరీలోంచి పేరు కొట్టేయడం మాత్రమే. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైలును తెరిచి పట్టుకొని ఉన్నంతసేపు కెర్నెల్ దాని డేటాను వదలదు. ఆ సర్వీసు ప్రాసెస్ సంఖ్య కనుక్కొని, దాని ఎఫ్‌డీ డైరెక్టరీని ఎల్ఎస్‌తో చూడమన్నాను. నాలుగో నంబరు లింకు పక్కన పాత లాగ్ పేరు, దాని వెంట డిలీటెడ్ అన్న మాట కనిపించాయి. ఆ నాలుగో నంబరు లింకునే మూలంగా ఇచ్చి, బయట తగిలించిన వేరే డిస్కు మీదికి సీపీ ఆదేశంతో కాపీ చేయించాను. కాపీ పూర్తయ్యాక పరిమాణాలు సరిచూసుకొని, అప్పుడు సర్వీసును రీస్టార్ట్ చేస్తే డిస్కు మీద తొంభై జీబీ ఖాళీ అయింది. తొందరపడి ముందే రీస్టార్ట్ చేసి ఉంటే ఖాళీ దక్కేది, లాగ్ దక్కేది కాదు.

మిగతా ఫైళ్లను చదివేటప్పుడు అర్థం చేసుకోవడంలో పొరపాట్లు జరుగుతుంటాయి. మెమ్‌ఇన్ఫోలో మెమ్‌ఫ్రీ తక్కువగా కనిపించగానే ర్యామ్ అయిపోయిందని కంగారు పడతారు. నిజానికి చూడవలసింది 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ నుంచి కనిపిస్తున్న మెమ్‌అవైలబుల్ వరుసను. డిస్కు నుంచి చదివిన వాటిని కెర్నెల్ ఖాళీ ర్యామ్‌లో దాచుకుంటుంది, ఎవరైనా అడిగితే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. ఈ సంగతి తెలియక ప్రతి గంటకూ డ్రాప్_క్యాషెస్‌లోకి 3 రాసే క్రాన్ జాబులు (నిర్ణీత సమయాలకు తమంతట తామే నడిచే పనులు) పెట్టిన సర్వర్లను నేను చూశాను. దానివల్ల డేటా పోదు కానీ, కెర్నెల్ కష్టపడి దగ్గర పెట్టుకున్నదంతా మళ్లీ డిస్కు నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది. అలాగే లోడ్‌ఏవీజీలో మొదటి మూడు అంకెలు గడచిన 1, 5, 15 నిమిషాల సగటు భారాన్ని చెబుతాయి. ప్రాసెసర్ కోసం ఎదురుచూసేవే కాక డిస్కు కోసం కదలకుండా ఆగిపోయినవి కూడా అందులో లెక్కకు వస్తాయి కాబట్టి, ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా ఆ అంకె పెద్దదిగా ఉండవచ్చు. అప్‌టైమ్ ఫైల్లోని రెండో అంకె మొదటిదానికంటే పెద్దదిగా ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు. అది అన్ని కోర్ల తీరిక సమయాన్ని కలిపి చూపే మొత్తం.

చదవడం దాదాపు ఎప్పుడూ ప్రమాదరహితమే. ఆ "దాదాపు" వెనుక కొన్ని మినహాయింపులున్నాయి. మామూలు 64 బిట్ కంప్యూటర్‌లో /ప్రాక్/కేకోర్ ఫైలు 128 టెరాబైట్లుగా కనిపిస్తుంది. అది కెర్నెల్ చూసే చిరునామాల పరిధి కాబట్టి దాన్ని క్యాట్‌తో తెరవడం, బ్యాకప్‌లో చేర్చడం వృథా. /ప్రాక్/కేమెసేజ్ అని పలికే కేఎంఎస్‌జీని చదివితే చదివిన సందేశాలు అక్కడి నుంచి ఖర్చయిపోతాయి, అందుకే వాటిని డీమెసేజ్ ఆదేశంతోనే చూడాలి. ఇంకొకటి గోప్యతకు సంబంధించినది. ప్రతి ప్రాసెస్ డైరెక్టరీలోని సీఎండీలైన్ ఫైలును డిఫాల్ట్‌గా ఆ యంత్రం మీదున్న ఏ యూజరైనా చదవగలడు, కాబట్టి ఆదేశం వెంట పాస్‌వర్డ్ కొట్టడం అంటే దాన్ని గోడ మీద రాయడమే. మామూలు యూజర్‌గా తిరుగుతున్నంతవరకూ ఇవేవీ చేయి దాటిపోవు, కాబట్టి అన్వేషణ అంతా రూట్ అనే సర్వాధికార యూజర్ కాకుండానే చేయాలని నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను.

రాయబోయే ముందు

ముందుగా చిన్న ఆటంకాలు. రూట్ అధికారం ఇచ్చే సుడో ముందు చేర్చి, సుడో ఎకో 10 అని కొట్టి, > గుర్తు పెట్టి స్వాపినెస్ ఫైలు వైపు మళ్లిస్తే పర్మిషన్ డినైడ్ అని వస్తుంది. సుడో అధికారం ఎకోకు వచ్చింది కానీ, ఆ ఫైలును తెరిచింది మన ఆదేశాలు అందుకునే మామూలు షెల్. అందుకే ఎకో ఇచ్చినదాన్ని పైపు ద్వారా సుడో టీ అనే ఆదేశానికి అందించడమో, నేరుగా సుడో సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ వాడడమో చేయాలి. విఐ, నానో వంటి ఎడిటర్లతో ఈ ఫైళ్లను తెరవకూడదు. ఎడిటర్ తనకు తెలిసిన మామూలు ఫైలు పద్ధతిలో పక్కన తాత్కాలిక ఫైలు సృష్టించాలని చూస్తుంది, ఇక్కడ కొత్త ఫైళ్లు సృష్టించడానికి చోటే లేదు.

కెర్నెల్ చాలా ఫైళ్లకు హద్దులు విధించింది. హద్దు దాటిన విలువ రాస్తే ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్ అని తిప్పికొడుతుంది. స్వాపినెస్‌కు డిఫాల్ట్ 60, 5.8 కెర్నెల్ నుంచి 0 మొదలు 200 వరకు ఇవ్వవచ్చు, అంతకు ముందు 100 వరకే. అయితే హద్దులోపల ఉన్నంత మాత్రాన విలువ క్షేమకరమని అనుకోకూడదు. మిన్_ఫ్రీ_కేబైట్స్ అన్నది కెర్నెల్ అత్యవసరానికి అట్టిపెట్టుకునే మెమరీ. దాన్ని మరీ పెంచితే యంత్రానికి అప్పటికప్పుడు మెమరీ కొరత ఏర్పడి ప్రాసెస్‌లను చంపడం మొదలవుతుందని కెర్నెల్ అధికారిక పత్రాలే హెచ్చరిస్తున్నాయి.

ఈ మార్పులన్నింటికీ ఒక గొప్ప రక్షణ ఉంది: ఇవి ర్యామ్‌లోనే ఉంటాయి, రీబూట్ చేస్తే పోతాయి. నేర్చుకునేవారికి ఇంతకంటే దయగల ఏర్పాటు లేదు. కానీ ఈ రక్షణ ఎక్కడ పనిచేయదో తెలియాలి. కొన్ని స్విచ్‌లు ఒకే వైపు తిరుగుతాయి. కెర్నెల్.మాడ్యూల్స్_డిసేబుల్డ్‌లో 1 రాస్తే, ఆ తరువాత ఏ డ్రైవర్ మాడ్యూలూ (అవసరమైనప్పుడు కెర్నెల్‌కు జోడించే ముక్క) లోడ్ కాదు, రూట్ అయినా దాన్ని తిరిగి 0 చేయలేడు, రీబూట్ ఒక్కటే మార్గం. /ప్రాక్/సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్‌లో బి అనే ఒక్క అక్షరం రాస్తే, డిస్కుకు చేరాల్సినది చేరిందా లేదా అని చూడకుండా యంత్రం ఆ క్షణమే రీబూట్ అవుతుంది. /సిస్/బ్లాక్ కింద ఒక డిస్కుకు చెందిన డివైస్ డైరెక్టరీలోని డిలీట్ ఫైల్లో 1 రాస్తే ఆ డిస్కు మొత్తం వ్యవస్థ నుంచి మాయమవుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఎంత శాతం వరకు చార్జ్ కావాలో చెప్పే విలువను పరికరం తనలోనే స్థిరంగా ఉండే ప్రోగ్రాం అయిన ఫర్మ్‌వేర్‌లోనే గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి అది రీబూట్ తరువాత కూడా మిగులుతుంది.

అన్నింటికంటే భయపడవలసింది /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ/ఈఎఫ్ఐవార్స్ డైరెక్టరీకి. అక్కడ కనిపించేవి మదర్‌బోర్డు మీది శాశ్వత మెమరీలో ఉండే విలువలు. 2016 ఆరంభంలో, డిస్కు మొత్తం తుడిచేసే ఆర్ఎం ఆదేశం ఈ డైరెక్టరీలోకి కూడా వెళ్లడంతో కొన్ని ల్యాప్‌టాప్‌లు అసలు ఆన్ కాకుండా పోయిన సంగతి బయటపడింది. తప్పు కంప్యూటర్ ఫర్మ్‌వేర్‌దే అయినా, ఆ తరువాత కెర్నెల్ రచయితలు అక్కడి ఫైళ్లలో చాలావాటికి చెరపరాని గుర్తు పెట్టారు. ఆ గుర్తును తీసేసి ప్రయోగాలు చేయాల్సిన అవసరం నాకు ఈనాటి వరకూ రాలేదు.

ఒక మీటను కదిపితే మరొకటి కదలడం కూడా ఇక్కడ మామూలే. డిస్కుకు ఇంకా చేరని డేటా ర్యామ్‌లో ఎంతవరకు ఉండవచ్చో చెప్పే డర్టీ_రేషియో, డర్టీ_బైట్స్ జంటలో ఒకదానికి విలువ ఇస్తే రెండోది తనంతట తాను 0 అవుతుంది. ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి ప్యాకెట్లు దాటించే నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్‌ను మారిస్తే ఐపీవీ4లోని ఇతర నెట్‌వర్క్ సెట్టింగులు కొన్ని డిఫాల్ట్‌లకు తిరిగి వెళతాయి, కాబట్టి దాన్ని ముందు మార్చి మిగతావి తరువాత మార్చాలి. నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఆల్, డిఫాల్ట్ అనే పేర్లు కూడా అవి చెప్పినట్టు నడవవు. డిఫాల్ట్‌లో రాసినది ఇకముందు పుట్టే ఇంటర్‌ఫేస్‌లకే వర్తిస్తుంది. ప్యాకెట్ వచ్చిన దారి సరైనదేనా అని చూసే ఆర్‌పీ_ఫిల్టర్ విషయంలోనైతే ఆల్‌లో ఉన్న విలువ, ఇంటర్‌ఫేస్‌లో ఉన్న విలువ, ఈ రెంటిలో పెద్దది అమలవుతుంది.

నాకు రెండు రోజులు పట్టిన ఒక వరుస

ఇంటర్నెట్‌లో సర్వర్ వేగం పెంచే సెట్టింగుల జాబితాలు దొరుకుతాయి. ముప్ఫై నలభై వరుసలు ఉంటాయి, ఏది ఎందుకో ఎవరూ చెప్పరు. నేను కూడా చాలా ఏళ్ల క్రితం, రుషికొండ వైపు ఒక సంస్థలో పనిచేస్తున్నప్పుడు, అటువంటి జాబితా ఒకటి తెచ్చి ఒక పరీక్షల వెబ్‌సైట్ సర్వర్‌లో పెట్టాను. అందులో నెట్.ఐపీవీ4.టీసీపీ_టీడబ్ల్యూ_రీసైకిల్ = 1 అని ఒక వరుస ఉంది. మా ఆఫీసులో పరీక్షించాం, బాగానే నడిచింది. పరీక్ష రోజున మధురవాడలోని ఒక హాస్టల్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకే గదిలో ఇద్దరికి సైట్ తెరుచుకుంటోంది, పక్కనున్న ముగ్గురికి తెరుచుకోవడం లేదు. ఇళ్ల నుంచి రాసేవారికి ఏ ఇబ్బందీ లేదు. సర్వర్ లాగ్‌లలో ఒక్క తప్పూ నమోదు కాలేదు.

జరిగింది ఇది. ఆ సెట్టింగు ఉంటే కెర్నెల్ ఒక్కో ఐపీ చిరునామా నుంచి చివరగా వచ్చిన టైమ్‌స్టాంపును గుర్తుపెట్టుకుంటుంది. అదే చిరునామా నుంచి అంతకంటే వెనకటి టైమ్‌స్టాంపుతో కొత్త కనెక్షన్ కోసం అభ్యర్థన వస్తే దాన్ని పాతదిగా భావించి, జవాబు కూడా ఇవ్వకుండా పారేస్తుంది. హాస్టల్‌లోని ల్యాప్‌టాప్‌లన్నీ ఒకే రౌటర్ వెనుక, ఒకే చిరునామాతో బయటికి వస్తున్నాయి. ఒక్కో ల్యాప్‌టాప్ టైమ్‌స్టాంపు ఒక్కో అంకె దగ్గర ఉంటుంది. పెద్ద అంకె ఉన్నవాడు లోపలికి రాగానే చిన్న అంకె ఉన్నవాళ్లందరికీ తలుపు మూసుకుపోయింది. రెండో రోజు రాత్రి /ప్రాక్/నెట్/నెట్‌స్టాట్‌లో టైమ్‌స్టాంపు కారణంగా తిరస్కరించిన కనెక్షన్ల లెక్క నిమిష నిమిషానికీ పెరగడం చూసినప్పుడు గాని నాకు సంగతి బోధపడలేదు. ఆ విద్యార్థులు పోగొట్టుకున్న సమయానికి కారణం నేను అర్థం చేసుకోకుండా అతికించిన ఒక వరుస. ఆ సెట్టింగును 2017లో వచ్చిన 4.12 కెర్నెల్ నుంచి పూర్తిగా తొలగించారు. అయినా అది ఉన్న జాబితాలు ఈనాటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

నమ్మదగిన వివరణ కెర్నెల్‌తో పాటు వచ్చే అధికారిక పత్రాల్లో అడ్మిన్-గైడ్ కింద సిస్‌సీటీఎల్ విభాగంలోనూ, ప్రాక్ పేరిట ఉన్న మ్యాన్ పేజీల్లోనూ ఉంటుంది. అక్కడ చదివి, మన కెర్నెల్ వెర్షన్‌కు అది వర్తిస్తుందో లేదో చూసుకోకుండా ఒక్క వరుసను కూడా ముట్టుకోకూడదు.

ఒక మార్పు మొదటి నుంచి చివరి దాకా

తుపాను రోజుల్లో కరెంటు పోవడం విశాఖకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత ఎన్ని రోజులు చీకట్లో గడిపామో నగరంలో ఉన్నవారెవరూ మరచిపోలేరు. యూపీఎస్ లేని ఒక దుకాణం కంప్యూటర్‌లో కరెంటు హఠాత్తుగా పోతే నష్టం తగ్గించడం ఎలా అన్న ప్రశ్ననే ఉదాహరణగా తీసుకుందాం.

ఒక ప్రోగ్రాం ఫైల్లో రాసినది వెంటనే డిస్కుకు చేరదు. కెర్నెల్ దాన్ని ర్యామ్‌లో డర్టీ పేజీలుగా ఉంచి తరువాత రాస్తుంది. పెన్‌డ్రైవ్ మీదికి పెద్ద సినిమా కాపీ చేసినప్పుడు నిమిషంలో పూర్తయినట్టు చూపించి, బయటికి తీయబోతే ఐదు నిమిషాలు ఆగమనడం అందరికీ అనుభవమే, అదే ఇది. మెమ్‌ఇన్ఫోలోని డర్టీ వరుసను వాచ్ ఆదేశంతో ప్రతి సెకనుకూ చూస్తూ ఒక పెద్ద ఫైలును కాపీ చేస్తే, ఆ అంకె వందల ఎంబీల దాకా ఎగబాకి, ఆ తరువాత మెల్లగా దిగడం కళ్లారా కనబడుతుంది. ఎంతసేపటికి దిగాలో నిర్ణయించేవి /ప్రాక్/సిస్/వీఎం లోని రెండు ఫైళ్లు. డర్టీ_ఎక్స్‌పైర్_సెంటిసెక్స్ డిఫాల్ట్‌గా 3000, అంటే 30 సెకన్లు దాటిన పేజీ రాయడానికి అర్హమవుతుంది. డర్టీ_రైట్‌బ్యాక్_సెంటిసెక్స్ 500, అంటే ప్రతి 5 సెకన్లకూ కెర్నెల్ లేచి అటువంటి పేజీలేమైనా ఉన్నాయా అని చూస్తుంది. కరెంటు పోయిన క్షణంలో ఈ ముప్ఫై అయిదు సెకన్ల లోపు రాసిన పని పోయే అవకాశం ఉంది. డేటాబేస్‌లు ఎఫ్‌సింక్ ద్వారా తమ డేటాను అప్పటికప్పుడు డిస్కుకు చేర్పించుకుంటాయి కాబట్టి వాటికి ఈ బెడద తక్కువ, మిగతా ఫైళ్లకే ఎక్కువ.

మొదట సుడో సిస్‌సీటీఎల్ -ఎ ఇచ్చి, వచ్చినదంతా ముందు.టెక్స్ట్ వంటి పేరుతో ఒక ఫైల్లో దాచుకోవాలి. తరువాత ఎప్పుడు అనుమానం వచ్చినా ఇంకోసారి తీసి డిఫ్ ఆదేశంతో పోల్చుకోవచ్చు. రెండోది, ఒకేసారి ఒక్క విలువనే మార్చాలి: ఇక్కడ ఎక్స్‌పైర్‌ను 3000 నుంచి 1000కి తగ్గిద్దాం. సిస్‌సీటీఎల్ -డబ్ల్యూతో రాసిన వెంటనే అదే ఫైలును తిరిగి చదివి, 1000 అని ఉందో లేదో చూడాలి. మళ్లీ అదే పెద్ద ఫైలును కాపీ చేస్తూ డర్టీ వరుసను గమనిస్తే, తగ్గుముఖం ముందుకంటే త్వరగా మొదలవుతుంది. దీనికి మూల్యం డిస్కు మరింత తరచుగా పనిచేయడం. దుకాణం కంప్యూటర్‌కు అది భరించదగిందే, వందలాది చిన్న ఫైళ్లు నిత్యం రాస్తుండే సర్వర్‌కు కాకపోవచ్చు. ఒకట్రెండు రోజులు అలాగే నడిపి చూశాకే శాశ్వతం చేసే ఆలోచన చేయాలి.

ప్రయోగం వర్చువల్ మెషీన్‌లో, స్నాప్‌షాట్ తీసుకొని మొదలుపెడితే ఉత్తమం. ప్రోగ్రాంను మిగతావాటి నుంచి వేరుచేసి నడిపే కంటైనర్ ఇందుకు పనికిరాదు, ఎందుకంటే కంటైనర్లకు సొంత కెర్నెల్ ఉండదు. వాటిలో /ప్రాక్/సిస్ సాధారణంగా చదవడానికి మాత్రమే తెరిచి ఉంటుంది. ప్రివిలేజ్డ్‌గా, అంటే పూర్తి అధికారాలిచ్చి నడిపితే, లోపల రాసిన వీఎం విలువ కింద ఉన్న అసలు యంత్రానికే తగులుతుంది. చాలా కంటైనర్లలో మెమ్‌ఇన్ఫో కూడా అసలు యంత్రం ర్యామ్‌నే చూపిస్తుంది, కంటైనర్‌కు కేటాయించిన పరిమితి కావాలంటే ప్రాసెస్‌లకు పరిమితులు విధించే సీగ్రూప్‌ల కొత్త పద్ధతిలో /సిస్/ఎఫ్ఎస్/సీగ్రూప్ కింద మెమరీ.మ్యాక్స్ అనే ఫైల్లో చూడాలి.

దూరంలో ఉన్న సర్వర్ నెట్‌వర్క్ సెట్టింగు మార్చాల్సి వస్తే, మార్పుకు ముందు షట్‌డౌన్ -ఆర్ +10 అని ఇవ్వడం నా అలవాటు. మార్పు వల్ల నా కనెక్షనే తెగిపోతే, పది నిమిషాలకు యంత్రం రీబూట్ అయి పాత విలువలతో లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే షట్‌డౌన్ -సి తో ఆ రీబూట్‌ను రద్దు చేస్తాను. రీబూట్ చేయడానికి వీల్లేని సర్వర్‌లో సిస్టమ్‌డీ-రన్‌కు ఐదు నిమిషాల గడువు పెట్టి, పాత విలువను తిరిగి రాసే ఆదేశాన్ని అప్పగించవచ్చు. మన లాగిన్ తెగిపోయినా అది తన పని చేస్తుంది.

/సిస్ లో తిరిగేటప్పుడు

ఇక్కడి విలువలను చదివేటప్పుడు కొలమానం చూసుకోవాలి. థర్మల్_జోన్0 లోని టెంప్ ఫైలు 58000 అంటే 58 డిగ్రీల సెల్సియస్. కొన్ని ఫైళ్లు ఎంచుకోదగిన విలువలన్నీ చూపించి, అమల్లో ఉన్నదాన్ని చదరపు బ్రాకెట్లలో పెడతాయి. డిస్కు క్యూ డైరెక్టరీలోని షెడ్యూలర్ ఫైలు అటువంటిదే. రాసేటప్పుడు బ్రాకెట్లు లేకుండా పేరు మాత్రమే రాయాలి. తెర వెలుతురు మార్చే బ్రైట్‌నెస్ ఫైల్లో రాసే ముందు పక్కనున్న మ్యాక్స్_బ్రైట్‌నెస్ చదవాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో 0 రాస్తే తెర పూర్తిగా నల్లబడిపోయి, తిరిగి ఏమి టైపు చేస్తున్నామో కూడా కనిపించదు.

నిలబెట్టడం

పరీక్షలో నిలిచిన విలువను శాశ్వతం చేయడానికి /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డి డైరెక్టరీలో మనదైన ఒక ఫైలు పెట్టాలి. 90-దుకాణం.కాన్ఫ్ వంటి పేరు పెట్టి, ఒక్కో వరుసకు పైన ఆ విలువ ఎందుకు, ఎప్పుడు, ఏ విలువ నుంచి మార్చామో హ్యాష్ గుర్తుతో వ్యాఖ్య రాస్తే, ఏడాది తరువాత చూసేవారికి, అది మనమే అయినా, ఎంతో మేలు. వేర్వేరు డైరెక్టరీల్లో ఉన్న ఇటువంటి ఫైళ్లన్నీ పేర్ల క్రమంలో చదవబడతాయి, ఒకే సెట్టింగు రెండుచోట్ల ఉంటే చివర చదివినదే నిలుస్తుంది. మనం రాసిన విలువ అమల్లోకి రావడం లేదంటే ఎక్కువసార్లు కారణం, తరువాతి అంకెతో మొదలయ్యే మరో ఫైలు దాన్ని తిరగరాయడమే. సిస్‌సీటీఎల్ --సిస్టమ్ ఆదేశం ఏ ఫైలును ఎప్పుడు చదువుతోందో వరుసగా చూపిస్తుంది కాబట్టి దోషి అక్కడే కనిపిస్తుంది. /సిస్ విలువలకు ఈ మార్గం వర్తించదు. వాటికి పరికరం కనిపించగానే నడిచే యూడెవ్ రూల్ గాని, బూట్ సమయంలో చదివే టీఎంపీఫైల్స్.డి లో డబ్ల్యూ అక్షరంతో మొదలయ్యే వరుస గాని రాయాలి.

చివరగా ఒక రీబూట్ తప్పనిసరి, ఎందుకంటే కొన్ని సెట్టింగులు వాటి మాడ్యూల్ లోడ్ అయ్యాక గాని పుట్టవు. బ్రిడ్జ్ మీద వెళ్లే ట్రాఫిక్‌ను ఐపీటేబుల్స్ ఫైర్‌వాల్‌కు పంపే సెట్టింగు బీఆర్_నెట్‌ఫిల్టర్ మాడ్యూల్‌తోనే వస్తుంది. నిన్న చేత్తో రాసినప్పుడు మాడ్యూల్ లోడ్ అయి ఉంది కాబట్టి పనిచేసింది. ఈరోజు బూట్ సమయంలో సిస్‌సీటీఎల్ సర్వీసు ముందు నడిచి, ఆ ఫైలు కనిపించక దాటిపోయింది, మాడ్యూల్ తరువాత వచ్చింది. మాడ్యూల్ పేరును /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డి లోని ఒక ఫైల్లో రాసి, మరోసారి రీబూట్ చేసి, ఆ ఫైలును క్యాట్‌తో తెరిచినప్పుడు మనం కోరిన అంకె కనిపిస్తే అప్పుడు పని పూర్తయినట్టు.